తోడుగిన్నెలో తాళంచెవి

తాళం ఎంత గట్టిదైతేనేం, తాళంచెవి ఎక్కడ దాచాలన్నదే అసలు తలనొప్పి. గుమ్మం మీద దాచేవాళ్లు, పూలకుండీ కింద దాచేవాళ్లు, పక్కింటావిడ చేతిలో పెట్టి ఊరెళ్లేవాళ్లు... ఈ విషయంలో మనుషులు ఎన్నడూ బాగుపడలేదు. కంప్యూటర్లు వచ్చాక కూడా బాగుపడలేదు. పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో రాసి, ఆ ఫైలును ఎవరికీ అర్థంకాని గజిబిజిగా మార్చేసి, ఆ గజిబిజిని విప్పే తాళంచెవిని మాత్రం పక్కనున్న స్క్రిప్టులోనే తెల్లగా రాసిపెట్టే మహానుభావులను సుభద్ర తన ఉద్యోగంలో బోలెడుమందిని చూసింది. వాళ్లను తిట్టి లాభం లేదు. స్క్రిప్టంటే మనిషి పక్కన లేకపోయినా తనంతట తాను పని చేసుకుపోయేది. తెల్లవారుజామున అది నిద్రలేచి ఫైలు తెరవాలంటే, ఎవరో ఒకరు దాని చేతికి తాళంచెవి ఇవ్వాలి కదా.

ఆ ఇచ్చే పనిని సుభద్ర పెరుగుకు అప్పగించింది.

విన్నవాళ్లు మొదట నవ్వారు. తర్వాత నోళ్లు మూసుకున్నారు. ఉద్దానంలో కిడ్నీలు పాడైన వాళ్లకు ఆమె పనిచేసే కంపెనీ ఇంటింటికీ రక్తం శుద్ధి చేసే పెట్టెలు ఇచ్చిన కాలమది. పెట్టెకు నాలుకలాంటి చిన్న పలక ఉండేది. దాని మీద ఒక్క రక్తపు బొట్టు వేస్తే అందులో ఏముందో చదివేసేది. బొట్టులో ఉన్నది చదవగలిగిన నాలుక, బతికున్న సూక్ష్మజీవి లోపల రాసిన అక్షరాలను మాత్రం ఎందుకు చదవలేదని సుభద్రకు తోచింది. పాలను పెరుగు చేసే సూక్ష్మజీవిని తెచ్చి, దాని జన్యువుల్లో తాళంచెవిని రాసేసింది. పలాసలో ఉన్న కంపెనీ కేంద్రంలో సర్వరు పక్కన మూతపెట్టిన గిన్నె ఒకటి ఉండేది. తెల్లవారగానే స్క్రిప్టు లేచేది, నాలుక గిన్నెలోకి దిగి తాళంచెవిని చదివేది, ఫైలు తెరుచుకునేది. ఏ పెట్టె పాస్‌వర్డు ఆ పెట్టెకు చేరి, నిన్నటి రక్తాన్ని బట్టి ఇవాళ్టి మందు లెక్క కట్టి, పెట్టెలు పని మొదలుపెట్టేవి. ఆ వెంటనే స్క్రిప్టు అంతా మరిచిపోయేది. దొంగ వచ్చి మొత్తం యంత్రాలు మోసుకుపోయినా తాళంచెవి దొరకదు. గిన్నె కంటపడితే మహా అయితే అన్నంలో కలుపుకుంటాడు.

ఇబ్బంది ఒక్కటే, అది ప్రాణమున్న తాళంచెవి. రోజూ కొత్త పాలల్లో తోడు వెయ్యకపోతే చచ్చిపోతుంది. అది చస్తే ఫైలు ఎప్పటికీ తెరుచుకోదు. తుపాను వస్తే కేంద్రంలో కరెంటుకు దిక్కులేదు కాబట్టి, కంపెనీ ఒప్పుకోలుతోనే ఇంకో గిన్నె సుభద్ర ఇంట్లో పెట్టారు. దాని పోషణ ఆమె అత్త గవరమ్మకు వచ్చింది. ఆ గిన్నెలోది ఎవరూ తినకూడదు, మిగిలింది వేడినీళ్లు పోసి పారబొయ్యాలి అని సుభద్ర ఒకటికి రెండుసార్లు చెప్పింది. గవరమ్మ బుద్ధిగా తలూపింది.

సుభద్ర భర్త దాలినాయుడిది కూడా పెట్టెతో బతికే బతుకే. జీడితోటల మధ్య బడిలో లెక్కలు చెప్పేవాడు. పెట్టె రాకముందు వారంలో సగం రోజులు శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్లిరావడంతోనే సరిపోయేది. పెట్టె వచ్చాక మళ్లీ బడికి పోతున్నాడు. భార్య కనిపెట్టిన విద్య తన ఒంట్లో తిరుగుతోందని అందరికీ గొప్పగా చెప్పుకునేవాడు. సుభద్ర మాత్రం కేంద్రంలో గిన్నెను వదిలి ఒక్క పెళ్లికి కూడా వెళ్లలేకపోయేది. చంటిపిల్లనైనా కాసేపు పక్కింట్లో వదలొచ్చు గానీ దీన్ని వదలలేనని విసుక్కునేది.

గుట్టు బయటపడింది ఎదురింట్లో. ఆ ఇంటి లోకనాథానికీ పెట్టే ఆధారం. అతని మనవరాలి బారసాలకు వీధంతా భోజనానికి కూర్చుంది. చివర్లో లోకనాథం భార్య సరోజిని పెరుగు వడ్డిస్తూ, ఇది మొన్నటిదనీ, ఐనా పులుపెక్కలేదనీ మురిసిపోయింది. సుభద్ర కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసింది. ఎక్కువ రోజులు బతకాలని, త్వరగా పులవని జాతిని వెతికి మరీ తెచ్చింది తనే. ఈ తోడెక్కడిదని అడిగింది. ఇంకెక్కడిది, మీ అత్త ఇచ్చిందే అని సరోజిని చెప్పింది. పంక్తిలో ఇంకో ఇద్దరు తమ ఇంట్లోనూ అదే పెరుగని వంత పాడారు. ఒకావిడ అయితే కవిటిలో ఉన్న కూతురికి కూడా పంపానని చెప్పింది.

ఇంటికొచ్చి సుభద్ర అత్తను నిలదీసింది. గవరమ్మ తొణకలేదు.

"పెరుగు పట్టికెళ్లి కాలవలో పొయ్యమంటే నాకు సేతులాడతాయేటే? పాలు కాసుకుని గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిన మనిసికి తోడు నేదని ఎలగ సెప్తాం? నువ్వు తినొద్దన్నావు, నాను తిన్నేదు. ఇవ్వొద్దని నువ్వు సెప్పనేదు."

నిజమే, చెప్పలేదు. ఏ సెక్యూరిటీ పాఠంలోనూ లేని సంగతి అది. కాపీలు తియ్యకూడదని రాసిపెట్టిన సుభద్ర, తన ఊళ్లో తోడు ఇవ్వడమంటే కాపీ తియ్యడమేనన్న సంగతి మరిచిపోయింది. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా ఆ ముక్క తట్టనందుకు తనమీద తనకే ఒళ్లు మండింది.

నోరుమూసుకుని కూర్చుంటే ఎవరికీ తెలిసేది కాదు. దాలినాయుడు కూడా అదే అన్నాడు, పెరుగులో ఏముందో తిన్నవాళ్లకేం తెలుసని. కానీ సుభద్రకు మనసొప్పలేదు. ఇన్ని ప్రాణాలకు కాపలా అని చెప్పుకుని జీతం తీసుకుంటూ కాపలా తప్పిపోయిందని చెప్పకపోతే ఎలాగ? కొత్త తాళంచెవి తయారుచేసి ఫైలు మార్చేస్తే సరిపోతుందని, కొద్ది రోజుల పనేనని, ఉన్నదున్నట్టు పైవాళ్లకు రాసి చెప్పేసింది.

హైదరాబాదు నుంచి ప్రభంజనరావు దిగాడు. సుభద్రను ఉద్యోగంలోకి తీసుకున్నదీ, పెరుగు సంగతి విని మొదట నవ్వకుండా ఉన్నదీ ఆయనే. ఆయన వస్తూనే పరీక్షల పేరు చెప్పి పెట్టెలన్నీ నిలిపేయించాడు. రెండు రోజులేనన్నాడు. అవసరమైనవాళ్లు ఆసుపత్రికి వెళ్లొచ్చని ప్రకటన పంపించాడు. వెళ్లొచ్చట! ఆసుపత్రిలో మంచాలెన్ని, ఈ ఊళ్లలో రోగులెందరు అని అడిగినవాడు లేడు. దాలినాయుడు కాళ్లు వాచి, ఊపిరాడక గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. లోకనాథం ఆటోలో బయల్దేరి, ఆసుపత్రి గేటు కనపడేలోగానే చనిపోయాడు.

బారసాలకు వేసిన పందిరి ఇంకా తియ్యనేలేదు. దాని కిందే అతన్ని పడుకోబెట్టారు. సుభద్ర వెళ్లి సరోజిని పక్కన కూర్చుంది. ఏడుపు రాలేదు. తోడు సంగతి, పెరుగులో తాళంచెవి సంగతి, తను కంపెనీకి చెప్పిన సంగతి, అందుకే పెట్టెలు ఆగిన సంగతి వీధి మొత్తం వినేలా చెప్పేసింది. సరోజిని ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత పది రోజుల కర్మలు అయ్యేదాకా సుభద్రతో ఒక్క మాట మాట్లాడలేదు.

పెట్టెలు మళ్లీ నడిచాయి. కానీ కర్మలు పూర్తయిన మర్నాడే ప్రభంజనరావు సుభద్రను పిలిచి కంపెనీ నిర్ణయం చెప్పాడు. కొత్త తాళంచెవి ఉండదు. పాత పెట్టెలకు భద్రత లేదని ఆమే రాసిచ్చింది కాబట్టి వాటిని మూసేస్తారు. కొత్త పెట్టెలు విశాఖపట్నం ఆసుపత్రుల్లో మాత్రమే పెడతారు. మూలమూలలా ఇళ్లల్లో ఉన్నవాటిని బాగుచేసుకుంటూ తిరగడం కంపెనీకి ఎప్పటినుంచో బరువు. దించుకోవడానికి ఒక సాకు కావాల్సి వచ్చింది, దాన్ని సుభద్ర చేతులారా అందించింది. చెబుతున్నప్పుడు ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. సోమవారం తెల్లవారుజామున ఫైలు తెరుచుకున్నప్పుడు లోపలిదంతా తుడిచేసి పెట్టెను పనికిరాకుండా చేసే చెరిపివేత ఆదేశం ప్రతి పెట్టెకూ పంపాలని, అది పంపే అధికారం సుభద్రకే ఉంది కాబట్టి ఆమే పంపాలని చెప్పాడు. ఈలోగా బయటికి పోయిన తోడంతా వెతికి చంపేయాలన్నాడు.

కంపెనీ మనుషులు చేతులకు తొడుగులు వేసుకుని ఇల్లిల్లూ పెరుగు అడుక్కుంటూ తిరిగారు. ముందు గవరమ్మ వంటింట్లో గిన్నె పట్టుకుపోయారు. ఆమె తలుపుకు అడ్డంగా నిలబడితే పక్కకు నెట్టారు. మిగతా ఇళ్లల్లో వాళ్ల ఆటలు సాగలేదు. ఒకావిడ కొట్లో కొన్న ప్యాకెట్టు పెరుగు ఇచ్చింది. ఒకావిడ నిన్నటి గంజి ఇచ్చింది. ఇంకొకావిడ, మా ఇంట్లో ఎవరూ పెరుగు తినరని మీగడ అంటిన చేతులు వెనక్కి దాచుకుని మరీ చెప్పింది. వాళ్లు అన్నిటికీ చీటీలు అంటించి పట్టుకుపోయారు.

ఆ సాయంత్రం సరోజిని గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు. అక్కడే నిలబడి అడిగింది.

"ఆ పెరుగు ఇంకా నా ఇంట్లో ఉన్నాది. రోజూ తోడేస్తన్నాను. దీంతోటి పెట్టె తెరుసుకుంటాదా?"

తెరుచుకోదు అని చెప్పబోయి సుభద్ర ఆగింది. ఎందుకు తెరుచుకోదు? తుపానులో తీగలు తెగినా పోకుండా ఉండాలని, పాస్‌వర్డుల ఫైలు నకలు ప్రతి పెట్టెలోనూ పెట్టింది తనే. నాలుక పెట్టెలోనే ఉంది. కేంద్రంలో ఉన్నది స్క్రిప్టు ఒక్కటే. తాళంచెవికి కాపలా అక్కడ ఉంది కాబట్టి స్క్రిప్టు కూడా అక్కడే ఉండాల్సి వచ్చింది. ఇప్పుడు తాళంచెవి వంటిళ్లలో ఉంటే, స్క్రిప్టుకు పలాసలో ఏం పని?

మర్నాడు ఆదివారమంతా కూర్చుని రాసింది. పెట్టె ఇకపై కేంద్రం మాట వినదు. పొద్దున్నే నాలుక మీద కాస్త పెరుగు రాస్తే తన ఫైలు తనే తెరుచుకుంటుంది, తన మందు తనే లెక్క కడుతుంది. సరోజిని పంపిన తోడు, ఎలా రాయాలన్న కబురుతో సహా, అప్పటికే ఊళ్లు దాటి చేతులు మారుతోంది. ఊరికే పంచిపెట్టడం కాదు కదా అని దాలినాయుడితో తన భయం చెప్పుకుంది. తాళంచెవి అందరి దగ్గరా ఉంటే, ఎవడో ఒకడు ఇంకొకరి పెట్టెలో మందు మార్చేస్తే ఎలా అని.

దాలినాయుడు ఇంకా వాపు తగ్గని కాళ్లు స్టూలు మీదికి చాపుకుని నవ్వాడు. "దూరం నుంచి సేసే దారి నువ్వు మూసేస్తన్నావు కదా. ఇంక సేస్తే ఇంట్లోకొచ్చి, నా మంచం పక్కన నిలబడి సెయ్యాలి. అంత దూరం వొచ్చినోడికి పెట్టెతో పనేటి? మంచినీళ్ల గ్లాసు సాలదా?"

తర్వాత నవ్వు ఆపి, ఇంకొక మాట అన్నాడు. "కంపెనీ సేతిలో తాళం ఉన్నప్పుడే లోకనాథం పోయాడు. అది గుర్తెట్టుకో."

రాసింది సరిగ్గా ఉందో లేదో పరీక్షించే వీలు లేదు. కేంద్రం నుంచి పంపితే తప్ప పెట్టెలు ఏ మార్పునూ తీసుకోవు, పంపే అవకాశమేమో ఒక్కసారే. ఒక్క అక్షరం తప్పినా ఏ పెట్టే తెరుచుకోదు. దాలినాయుడిదీ తెరుచుకోదు. ఆ సంగతి అతనికి చెప్పింది. లెక్కల మాస్టారికి తప్పులు దిద్దడం అలవాటే అయినా, ఈసారి అతను కాగితం అడగలేదు. పంపెయ్యి అన్నాడు.

సోమవారం తెల్లవారుతుండగా కేంద్రంలో ప్రభంజనరావు ఆమె పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. తెర మీద ఊళ్లన్నీ పచ్చచుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో పెట్టె, ఒక్కో మనిషి. నాలుక గిన్నెలోకి దిగింది. ఫైలు తెరుచుకుంది. చెరిపివేత ఆదేశం ఒకవైపు సిద్ధంగా ఉంది. సుభద్ర దాన్ని పక్కకు నెట్టి, తన స్క్రిప్టును ముందుకు తెచ్చింది. దొంగతనంగా చెయ్యాలని ఆమెకు అనిపించలేదు. తను చెయ్యబోయేది ఏమిటో ఆయనకు విడమరిచి చెప్పింది.

ఆయన కుర్చీ ఆమె వైపు తిప్పాడు. "తాళంచెవి అందరి దగ్గరా ఉంటే అది తాళంచెవి ఎలా అవుతుంది సుభద్రా? నువ్వే కదా నాకు నేర్పావు, రహస్యానికి కాపీ ఉండకూడదని."

"రహస్యం ఎవరి నుంచి దాచాలో తప్పుగా అనుకున్నాం సార్. దొంగ నుంచి అనుకున్నాం. పెట్టె ఆపగలిగినవాడి నుంచి దాచాల్సింది."

"నిన్ను జైల్లో పెడతారు."

"పెట్టనివ్వండి. కరెంటు మీట మీ చేతి పక్కనే ఉంది. ఆపాలనుకుంటే ఇప్పుడే ఆపెయ్యండి. కానీ మీ చేత్తో ఆపండి. ఇంకోసారి నా చేత్తో ఆపించకండి."

ప్రభంజనరావు మీట వైపు చూశాడు. లోకనాథం పేరు ఆయనకూ తెలుసు. ప్రకటన మీద సంతకం ఆయనదే. చెయ్యి ఎత్తి, మీట దాకా పోనిచ్చి, బల్ల మీదున్న నీళ్ల సీసా అందుకుని తాగాడు.

సుభద్ర పంపేసింది.

తెర మీద పచ్చచుక్కలు ఒకటొకటిగా ఆరిపోయాయి. కవిటి ఆరింది, సోంపేట ఆరింది, తమ వీధి ఆరింది. అవి కేంద్రాన్ని వదిలి వెళ్లిపోతున్నాయని ఆమెకు తెలుసు. ఇన్నేళ్లూ ఏ పెట్టె నడుస్తోందో, ఎవరు బతికున్నారో ఇక్కడ కూర్చుని చూసింది. ఇకమీదట ఎవరికీ కనపడదు, తనకు కూడా. తెర నల్లబడేసరికి సుభద్రకు మొదటిసారి భయం వేసింది.

ఇంటికి ఫోన్ చేసింది. చాలాసేపు మోగాక గవరమ్మ ఎత్తింది.

"మన గిన్నె ఆళ్లు పట్టుకుపోనారు కదా, పెట్టె ముందర ఏటి పెట్టాలో తెలక నిలబడిపోనాను. సరోజిని వొచ్చినాదే. గిన్నె పట్టుకుని వొచ్చి తనే రాసినాది. మొదట ఎర్రలైటే వొచ్చినాది. నాకు పేణం పోయినాది. నాలిక నిండా మీగడ పడిపోనాదని అది తుడిసీసి, అడుగునున్న పెరుగు తీసి మళ్లీ రాసినాది." గవరమ్మ ఊపిరి పీల్చుకుంది. "పచ్చలైటొచ్చినాది. సప్పుడు సేస్తంది. ఆడు పడుకున్నాడు."

"సరోజిని ఏమన్నా అందా అత్తా?"

"ఏటీ అన్నేదు. మిగతా ఇళ్లు సూసొస్తానని గిన్నె పట్టుకుని పోయినాది."

సుభద్ర ఫోను బల్ల మీద పెట్టి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. లోకనాథం పోయినరోజు రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ప్రభంజనరావు లేచి కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడ్డాడు.

ఎండ ఎక్కేసరికి హైదరాబాదు నుంచి ఆయనకు ఫోన్లు మొదలయ్యాయి. ప్రతి ఫోనుకూ అవునండి, అవునండి అంటూ చివరికి ఒక కాగితం తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. వాంగ్మూలం రాసుకోమన్నారట. ఉద్యోగం పోయిందని చెప్పాడు. పోలీసులు దారిలో ఉన్నారని కూడా చెప్పాడు. సుభద్ర ముఖం కడుక్కుని వచ్చి, అడగమంది.

మీరు పంపిన స్క్రిప్టును వెనక్కి తీసుకునే మార్గం ఉందా అని మొదటి ప్రశ్న. లేదంది. ఫైలు ఎవరి దగ్గరుందని రెండోది. పెట్టెల్లో ఉందంది.

"తాళంచెవి ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉంది? పేర్లు కావాలన్నారు."

సర్వరు పక్కనున్న గిన్నె మూత తీసి సుభద్ర ఆయన ముందుకు జరిపింది. ఇందులో ఉన్నది రాసుకోండి అంది. కావాలంటే దీన్ని ఇప్పుడే పారబొయ్యండి అని కూడా అంది. ఆయన గిన్నెలోకి చూశాడే గాని, కలం కదపలేదు.

"పేర్లు, సుభద్రా."

"నాకు తెలీదు సార్. నిన్నటిదాకా ఎవరెవరి దగ్గరుందో, ఇవాళ పొద్దున్న ఇంకెవరెవరు ఇచ్చిపుచ్చుకున్నారో. నిజంగానే తెలీదు. రాసుకోండి. ఎవరి పెట్టె తాళంచెవి వాళ్లింట్లోనే ఉంది. లాక్కోవాలంటే ఉద్దానంలో పాలు కాచుకునే ప్రతి ఇంటికీ రావాల్సిందే."

ప్రభంజనరావు ఆ మాటలు ఒక్కటీ మార్చకుండా రాసుకున్నాడు.